హీలియం జంట – ఇరుకు తావున బంధము

ఎవరితోను పొత్తు పెట్టుకొనని వాయువు ఏది అని అడిగితే రసాయన శాస్త్రం చదివిన ఏ విద్యార్థి అయినా తడుముకొనకుండా హీలియం అని చెబుతాడు. ఇంటర్మీడియట్ తరగతులలో బంధ సిద్ధాంతం బోధించేటప్పుడు అధ్యాపకులు తప్పక చూపే ఉదాహరణ ఇది. హైడ్రోజన్ పరమాణువులు రెండు దగ్గరికి వస్తే వాటి ఎలక్ట్రాన్లు రెండూ బంధక కక్ష్యలో చేరి అణువు ఏర్పడుతుంది. హీలియం పరమాణువులు రెండు దగ్గరికి వస్తే ఎలక్ట్రాన్లు నాలుగు. రెండు బంధక కక్ష్యలోను, రెండు ప్రతిబంధక కక్ష్యలోను చేరి ఒకదాని ఫలితాన్ని మరొకటి రద్దు చేస్తాయి. బంధ క్రమము సున్న, కనుక హీలియం జంట లేదు. ఇంతవరకు వ్రాసిన విద్యార్థికి మార్కులు పూర్తిగా వస్తాయి. అయితే ‘బంధ క్రమము సున్న’ అన్న మాట నిజమే గాని, దాని నుండి ‘కనుక జంట లేదు’ అన్న మాటకు వేసిన అడుగు సరియైనది కాదు. హీలియం జంట ఉన్నది. 1993 నుండి దానికి ప్రయోగ సాక్ష్యమున్నది. అది ఎంత బలహీనమైనదో, ఆ బలహీనత వల్లనే దానిని ఇరుకు చోట ఉంచినప్పుడు ఎంత వింతగా ప్రవర్తిస్తుందో చెప్పుటకు ఈ వ్యాసం ఉద్దేశింపబడినది.

మేము వృత్తిచేత భాషా బోధకులము. భౌతిక శాస్త్రము మాకు సొంత పొలం కాదు, పొరుగు పొలం. అయినను గట్టు మీద నిలబడి చూచుటకు పొలం మనదే కానక్కరలేదు గదా! పైగా ‘బంధము’ అన్న మాట మా శాఖకు చెందినది కూడా. ఉర్దూ శాస్త్ర గ్రంథాలలో పరమాణువును ‘జౌహర్’ అని, అణువును ‘సాలిమా’ అని అంటారు. సాలిమ్ అనగా చెక్కు చెదరనిది, నిండుగా ఉన్నది అని అర్థం. ఇక్కడ మనం చెప్పుకొనబోయే సాలిమా ఆ పేరుకు ఏ మాత్రం తగనిది. ఊపిరి తగిలితే విడిపోయేటంతటి సుకుమారమైనది.

హీలియం చరిత్రలో మన తెలుగు నేలకు ఒక చోటున్నది. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూచుటకు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరు వచ్చినారు. మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నంలో దుర్భిణి నిలిపినారు. సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిని విశ్లేషించగా మెరిసే గీతలు కనిపించినవి. వానిలో ఒకటి పసుపు పచ్చనిది. అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే శాస్త్రజ్ఞుడు ఆ గీతను పరిశీలించి, అది సోడియం గీత కాదని గుర్తించినారు. సూర్యునికి గ్రీకు భాషలో ఉన్న పేరు మీదుగా ఆ కొత్త మూలకానికి హీలియం అని పేరు వచ్చినది. ‘హీలియం గుంటూరులో పుట్టినది’ అని మన ప్రాంతంలో గర్వంగా చెప్పుకొనుట వాడుక. గ్రహణం లేనప్పుడు కూడా సూర్య జ్వాలలను చూడవచ్చునని జాన్సెన్ మరునాడే గుంటూరులో చూపినది నిర్వివాదమైన ఘనత. తక్కిన దానిని పలువురికి పంచి ఇవ్వవలసి ఉన్నది. భూమి మీద ఈ వాయువును 1895లో లండనులో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుండి వెలికి తీసినారు. 1908 జులై 10న హాలండులోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓనెస్ దానిని ద్రవంగా మార్చినారు.

ఆ ద్రవీకరణమే మన మొదటి ఆధారం. సాధారణ పీడనంలో హీలియం 4.2 కెల్విన్ల వద్ద, అనగా మంచు బిందువుకు సుమారు 269 డిగ్రీల దిగువన, ద్రవమవుతుంది. ఇంత చల్లదనం అవసరమైనదంటే దాని పరమాణువుల మధ్య ఆకర్షణ అతి స్వల్పమని అర్థం. కాని ద్రవం కాగలిగినదంటే ఆ ఆకర్షణ సున్న కాదని కూడా అర్థమే.

ఎలక్ట్రాన్లను పంచుకొనుటకు నిరాకరించిన పరమాణువులకు ఆకర్షణ ఎక్కడి నుండి వచ్చినది? దీనికి 1930లో ఫ్రిట్జ్ లండన్ సమాధానం చెప్పినారు. పరమాణువులోని ఎలక్ట్రాన్లు స్థిరంగా కూర్చుండవు. ఒక క్షణం అవి కేంద్రకానికి ఒక ప్రక్క కొంచెం ఎక్కువగా ఉంటే, ఆ ప్రక్క ఋణావేశము, ఎదుటి ప్రక్క ధనావేశము తోచుతాయి. పొరుగు పరమాణువు దానిని పసిగట్టి తన ఎలక్ట్రాన్లను తదనుగుణంగా జరుపుకొంటుంది. ఈ క్షణిక సంవాదం వల్ల మొత్తం మీద కొద్దిపాటి ఆకర్షణ మిగులుతుంది. దూరం రెట్టింపైతే ఇది అరువది నాలుగవ వంతుకు పడిపోతుంది. మరీ దగ్గరికి వస్తే ఎలక్ట్రాన్ మేఘాలు ఒకదానినొకటి గట్టిగా త్రోసివేస్తాయి. ఈ రెండింటి మధ్య, సుమారు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో, ఒక చిన్న గుంట వంటి తావు ఏర్పడుతుంది. ఆంగ్‌స్ట్రామ్ అనగా సెంటీమీటరులో పది కోట్లవ వంతు. గుంట లోతును శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రత కొలతలోనే చెబుతారు. అది సుమారు 11 కెల్విన్లు. మన గది ఉష్ణోగ్రత 300 కెల్విన్లని గుర్తుంచుకొంటే ఆ గుంట ఎంత నిస్సారమైనదో తెలుస్తుంది.

గోళీని గుంటలో వేస్తే అడుగున నిలుస్తుంది. పరమాణువు నిలువదు. 1927లో హైజెన్‌బర్గ్ చెప్పిన అనిశ్చితత్వ నియమం ప్రకారం ఏ కణాన్నైనా ఇరుకు చోట పట్టి ఉంచదలిస్తే దాని కదలిక పెరుగుతుంది. కణం తేలికైన కొద్దీ ఆ పెరుగుదల ఎక్కువ. హీలియం తేలికైనది, గుంట ఇరుకైనది. గుంటలో కూర్చుండబెట్టుటకు చెల్లించవలసిన కదలిక శక్తి ఇంచుమించుగా గుంట లోతంతటిని మ్రింగివేస్తుంది. 11 కెల్విన్ల లోతులో చివరికి మిగిలిన బంధ శక్తి 0.00176 కెల్విన్, అనగా ఆరు వేల వంతులలో ఒక వంతు మాత్రమే! హైడ్రోజన్ అణువును విడగొట్టుటకు కావలసిన శక్తి దీనికి సుమారు మూడు కోట్ల రెట్లు.

ఇది సామాన్య హీలియం మాట. దాని కేంద్రకంలో నాలుగు కణాలుంటాయి, హీలియం-4 అంటారు. మూడు కణాలే గల హీలియం-3 అనే ఐసోటోపు కూడా ఉన్నది. ఎలక్ట్రాన్లు అవే, గుంట అదే. బరువు మాత్రం నాలుగింట మూడు వంతులు. ఆ తగ్గిన ఒక వంతు చాలు, జంట నిలువదు. తెరిచిన చోట హీలియం-3 పరమాణువులు రెండింటికీ బంధం లేదు. ఒకటి హీలియం-3, రెండవది హీలియం-4 అయినా లేదు. హీలియం-3 ద్రవం అత్యల్ప ఉష్ణోగ్రతలో జంటలు కట్టి అతిద్రవమగునని 1972లో కనుగొన్నారు గదా అని కొందరు అడుగవచ్చును. ఆ జంటలు వేయి మంది సందడి నడుమ ఏర్పడేవి. మనం చెప్పుకొనే ఏకాంత జంటతో వాటికి పోలిక లేదు.

హీలియం-4 జంట ఎంత పెద్దదో చూడండి. గుంట అడుగు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద ఉన్నా, పరమాణువులు రెండింటి సగటు ఎడం 50 ఆంగ్‌స్ట్రామ్‌లకు అటు ఇటుగా ఉంటుంది. హైడ్రోజన్ అణువులో అది 0.74 మాత్రమే. ఆకర్షణ దాదాపు సోకని దూరంలో, పాత యాంత్రిక శాస్త్రం ‘ఇక్కడ ఉండకూడదు’ అని శాసించిన తావులలోనే ఈ జంట తన కాలంలో అధిక భాగం గడుపుతుంది. దానికి ఒకే ఒక బంధ స్థితి కలదు. గిరగిర తిరుగుటకు కూడా అది నోచుకొనలేదు, తిరిగితే విడిపోతుంది.

ఇట్టి దానిని చూచుట ఎట్లు? అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1993లో హీలియం వాయువును సన్నని రంధ్రం గుండా శూన్యంలోనికి చిమ్మి, అది వ్యాకోచిస్తూ కెల్విన్‌లో వేయవ వంతు వరకు చల్లబడునట్లు చేసినారు. ఆ ధారలో ఎలక్ట్రాన్లతో కొట్టగా ద్రవ్యరాశి 8 గల అయానులు కనిపించినవి. పరమాణువు 4, కనుక 8 అంటే జంట. కాని పెద్ద గుంపులు విరిగినా 8 రావచ్చును గదా అన్న సందేహం మిగిలినది. మరుసటి సంవత్సరం జర్మనీలోని గ్యొటింగెన్‌లో షోల్‌కాఫ్, టోనీస్ అనే వారు ఆ సందేహాన్ని చాలా అందంగా తీర్చినారు. కాంతి వలె పరమాణువుకు కూడా తరంగ దైర్ఘ్యం ఉంటుంది. బరువు రెట్టింపైతే అది సగమవుతుంది. సన్నని చీలికలు వరుసగా గల జాలకం గుండా ధారను పంపితే జంటలు ఒంటరి పరమాణువుల కన్న సగం కోణంలో వంగాలి. సరిగా ఆ సగం కోణంలోనే శిఖరం కనిపించినది. దేనినీ విరుగగొట్టకముందే వేరుచేసి చూపిన సాక్ష్యం గనుక, మా దృష్టిలో దీనికే పెద్ద పీట.

తరువాత దాని పరిమాణం కొలిచినారు. 1996లో మిన్నెసోటా వారు సూక్ష్మ రంధ్రాల జల్లెడ గుండా జంటలను పంపి 62 ఆంగ్‌స్ట్రామ్‌లని (పది అటు ఇటుగా), 2000లో గ్యొటింగెన్ వారు జాలకంతో 52 అని (నాలుగు అటు ఇటుగా) తేల్చినారు. జంట కమ్మీకి దగ్గరగా పోతే విడిపోతుంది. అందువలన జంటకు చీలిక అసలు వెడల్పు కన్న కాస్త ఇరుకుగా తోచుతుంది. ఆ తేడాయే దాని పరిమాణాన్ని చెబుతుంది. 2016లో ఫ్రాంక్‌ఫర్ట్ శాస్త్రజ్ఞులు తీవ్రమైన లేజరు కిరణాలతో జంటలోని రెండు పరమాణువులనూ ఒకేసారి అయానులుగా మార్చి, అవి ఒకదానినొకటి త్రోసుకొనిన వేగం నుండి వాటి ఎడమును లెక్కించినారు. పైన చెప్పిన 0.00176 కెల్విన్ బంధ శక్తి ఆ ప్రయోగ ఫలితమే.

ఇంతవరకు విశాలమైన శూన్యంలో జంట కథ. ఇక ఇరుకు చోటికి వస్తాము.

ఇక్కడ చురుకైన విద్యార్థి మమ్ము నిలదీయవచ్చును. ‘ఇరుకు చోట పెడితే కదలిక పెరుగుతుందని మీరే అంటిరి. కదలికే గదా బంధానికి శత్రువు? మరి ఇరుకు బంధాన్ని పెంచుట ఏమిటి?’ న్యాయమైన ప్రశ్న. జవాబు లెక్క వ్రాసే పద్ధతిలో ఉన్నది. ఇద్దరు ఒకే గదిలో అద్దెకున్నారనుకొందాం. వారు మాట్లాడుకొన్నా, మాట్లాడుకొనకపోయినా అద్దె చెల్లించవలసినదే. స్నేహం చేసినందుకు అదనపు అద్దె లేదు. అట్లే రెండు గోడల నడుమ చిక్కిన పరమాణువు గోడల దిశలో పెరిగిన కదలిక శక్తిని ఒంటరిగా ఉన్నా చెల్లిస్తుంది, జంటగా ఉన్నా చెల్లిస్తుంది. కనుక బంధ శక్తిని లెక్కించేటప్పుడు ఆ మొత్తాన్ని ఇరు వైపులా కొట్టివేయాలి. అదే గోడల నడుమ ఒంటరిగా ఉన్న రెండు పరమాణువుల శక్తి కన్న జంట శక్తి ఎంత తక్కువ అన్నదే ప్రశ్న.

అద్దె కొట్టివేసిన తరువాత మిగిలేది ఏమి? విడిపోవుటకు గల దారులు తగ్గిపోవుట. 1921లో పోయా అనే గణిత శాస్త్రజ్ఞుడు ఒక సొగసైన ఫలితం నిరూపించినారు. దారి తెలియని బాటసారి ప్రతి చౌరస్తాలోను ఎటు తోస్తే అటు తిరుగుతూ పోతున్నాడు. ఒకే వీధి ఉన్న ఊరిలో అతడు ఎప్పటికైనా బయలుదేరిన చోటికి తిరిగి వస్తాడు. అడ్డు వీధులు నిలువు వీధులు గల ఊరిలోను తప్పక తిరిగి వస్తాడు. పైకి క్రిందికి కూడా దారులు ఉంటే మాత్రం తిరిగి వచ్చే అవకాశం సుమారు 34 శాతమే. తక్కిన సందర్భాలలో శాశ్వతంగా తప్పిపోతాడు. గీత మీద, తలము మీద మళ్లీ మళ్లీ కలిసే ఇద్దరికి స్వల్పమైన ఆకర్షణ కూడా చాలవచ్చును. మూడు కొలతల విశాలంలో ఆ ఆకర్షణ ఒక కనీస మట్టాన్ని దాటాలి. హీలియం-4 ఆ మట్టాన్ని వెంట్రుకవాసిలో దాటినది, హీలియం-3 దాటలేదు.

ఇంతటితో ఆగితే ‘చోటు ఎంత ఇరుకైతే బంధం అంత గట్టిది’ అన్న సూత్రం దొరికినట్లే ఉంటుంది. తలము కన్న గీత ఇరుకు గనుక గీత మీద బంధం మరీ గట్టిగా ఉండాలి. వినుటకు బాగున్నది గాని ఇది నిజం కాదు; ఈ విషయమంతటిలో మాకు మిక్కిలి నచ్చిన మలుపు ఇదే. హీలియం పరమాణువులకు మెత్తని ఆకర్షణ మాత్రమే కాదు, గట్టి నడుమ కూడా ఉన్నదని మరువరాదు. గీత మీద ఇద్దరు ఎదురైతే ప్రక్కకు తప్పుకొనుటకు వీలు లేదు, ఒకరినొకరు దాటిపోలేరు. పోయా బాటసారి స్వేచ్ఛ వారికి లేదు.

దీనిని గణితం చాలా క్లుప్తంగా చెబుతుంది. రెండు పరమాణువుల నడిమి దూరాన్ని మాత్రమే మిగిల్చి తరంగ సమీకరణాన్ని తగిన రీతిలో తిరిగి వ్రాస్తే, అసలు ఆకర్షణకు తోడుగా చోటు ఆకారం వల్ల పుట్టిన పదం ఒకటి వచ్చి చేరుతుంది. దాని గుణకాన్ని ఇట్లు కట్టాలి: కొలతల సంఖ్య నుండి ఒకటి తీసివేయండి, మరల అదే సంఖ్య నుండి మూడు తీసివేయండి, ఆ రెండింటినీ గుణించి నాలుగుతో భాగించండి. మూడు కొలతలకు రెండు సున్నలు సున్న, కనుక ఫలితం సున్న. ఒక కొలతకు సున్న ఇంటూ ఋణ రెండు, ఫలితం మరల సున్న. రెండు కొలతలకు ఒకటి ఇంటూ ఋణ ఒకటి, నాలుగుతో భాగిస్తే ఋణ పావు. ఋణమనగా ఇక్కడ ఆకర్షణ! తలము మీద మాత్రమే చోటు తానుగా ఒక కానుక ఇస్తుంది. విశాలంలోను, గీత మీదను ఏమీ ఇవ్వదు. ఆ రెండింటికీ సమీకరణం అక్షరాలా ఒకటే గనుక, ఖచ్చితమైన గీత మీద హీలియం-4 జంట బంధ శక్తి తెరిచిన శూన్యంలో ఉన్నంతే, అదే 0.00176 కెల్విన్. హీలియం-3 జంట అక్కడా లేనట్లే, ఇక్కడా లేదు.

తలము ఇచ్చే కానుక ఎంతటిదో మన బి.యస్సీ. విద్యార్థులు కాగితం మీద కట్టి చూడవచ్చును. అది దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది. హీలియం-4కు 3 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద అది కెల్విన్‌లో మూడవ వంతు. 11 కెల్విన్ల గుంట ముందు లెక్కలోనిది కాదు. 10 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద కానుక 30 మిల్లీ కెల్విన్లు. లండన్ ఆకర్షణ అక్కడికే 10 మిల్లీ కెల్విన్లకు పడిపోయినది. 20 ఆంగ్‌స్ట్రామ్‌ల వద్ద కానుక ఇంకా ఏడెనిమిది మిల్లీ కెల్విన్లుండగా ఆకర్షణ ఒక మిల్లీ కెల్విన్‌లో ఆరవ వంతుకు జారినది. హీలియం జంట బ్రతుకు అంతా దూరపు బ్రతుకే గదా! అందువలన దూరంలో పనికి వచ్చే ఈ కానుక దానికి గొప్ప సంపద అయినది. తలము మీద హీలియం-4 జంట బంధ శక్తి సుమారు 40 మిల్లీ కెల్విన్లని లెక్కలు చెబుతున్నవి, అనగా విశాలంలో ఉన్న దానికి ఇరువది రెట్ల పైన. విశాలంలో విడిపోయిన హీలియం-3, హీలియం-4 మిశ్రమ జంట తలము మీద నిలుస్తుంది. హీలియం-3 జంట కూడా నిలుస్తుంది గాని అతి క్షీణంగా.

నిజ ప్రపంచంలో మందం లేని తలము, వెడల్పు లేని గీత లేవు. సన్నని పగులు ఉంటుంది, సన్నని గొట్టం ఉంటుంది. పగులు వెడల్పును క్రమంగా తగ్గిస్తూ పోతే బంధ శక్తి విశాలపు విలువ నుండి తలపు విలువ వైపు నడుస్తుంది. గొట్టం కథ ఇంతకన్న రసవత్తరమైనది. వెడల్పైన గొట్టంలో విశాలపు విలువే. గొట్టం కొన్ని పదుల ఆంగ్‌స్ట్రామ్‌లకు తగ్గినప్పుడు దూరంగా తప్పిపోవుటకు దారులు మూసుకొంటాయి. కాని దగ్గరలో ఒకరినొకరు ప్రక్క నుండి తప్పుకొనిపోవుటకు చోటు ఇంకా ఉంటుంది. ఈ రెండు సౌకర్యాలూ కలిసి వచ్చిన చోట బంధం విశాలంలో కన్న ఎన్నో రెట్లు గట్టిపడుతుంది. ఇంకా బిగిస్తే ప్రక్కకు తప్పుకొనే చోటు పోయి, జంట మరల గీత మీది బీద స్థితికి దిగుతుంది. కనుక ఇరుకులో కూడా మేలైన ఇరుకు ఒకటి ఉన్నది. పట్టణాలలో అద్దె ఇండ్లు వెదకినవారికి ఈ మాట కొంత నవ్వు పుట్టించవచ్చును.

నాలుగు ప్రక్కలా మూసిన గుహ వంటి చోటులో అయితే బంధము అన్న మాటకే కొత్త నిర్వచనం కావాలి. అక్కడ విడిపోయి దూరంగా పోవుటకు దూరమే లేదు. గదిలో బంధింపబడినారు గనుక కలిసి ఉన్నారని అనుట జంటకు మర్యాద కాదు. అందుకే అట్టి గుహలో ఒక పరమాణువు ఒంటరిగా ఉన్నప్పటి శక్తిని రెండింతలు చేసి, ఇద్దరూ కలిసి ఉన్నప్పటి శక్తితో పోల్చి, తగ్గినంత మేరకే బంధమని చెప్పాలి. గుహ మరీ చిన్నదైతే గట్టి నడుములు ఒరుసుకొని ఆ తేడా తలక్రిందులై, ఆకర్షణకు బదులు తొక్కిసలాటయే మిగులుతుంది.

జాలకపు చీలికలు కూడా ఇరుకే గదా, అవి జంటను విరుగగొట్టినవి గదా అని అడుగవచ్చును. ఆ చీలికలు వందల ఆంగ్‌స్ట్రామ్‌ల వెడల్పైనవి. జంట వాని నుండి రెప్పపాటులో దూసుకొనిపోతూ కమ్మీకి కొట్టుకొంటుంది. మనం చెప్పే ఇరుకు అట్టిది కాదు. జంట నెమ్మదిగా కాపురముండే ఇరుకు. అట్టి చోటులు ప్రయోగశాలలో ఉన్నవి. గ్రాఫైట్ పలకల మీద హీలియం ఒకే పొరగా పరచుకొంటుంది. ఇది తలానికి దగ్గర. జపానులో 2001లో వెలువడిన ఒక పరిశోధనలో 18 ఆంగ్‌స్ట్రామ్‌ల వ్యాసం గల సన్నని రంధ్రాలలో హీలియం-4ను నింపి దాని గుణాలను పరిశీలించినారు. ఇది గొట్టానికి దగ్గర. అయితే గోడలు మనం గీసిన గీతల వంటి నిర్గుణమైనవి కావు. గోడలోని పరమాణువులు కూడా క్షణిక సంవాదంలో పాల్గొని, గోడను ఆనుకొని ఉన్న ఇద్దరి నడిమి ఆకర్షణను కొంత తగ్గిస్తాయి. గ్రాఫైట్ ఉపరితలం నున్నగా కనిపించినా పరమాణువుకు అది గుంతల బాటయే. కనుక లెక్కలోని 40ను గ్రాఫైట్ మీద ఉన్నదున్నట్లు ఆశింపరాదు.

గోడలే లేకుండా ఇరుకు చోటు కల్పించిన ప్రయోగం ఒకటి ఉన్నది. అది హీలియంతో కాదు, పొటాషియంతో చేసినది. 2005లో జ్యూరిచ్ నగరంలో ఎస్లింగర్ బృందం వారు లేజరు కిరణాలను ఎదురెదురుగా ప్రసరింపజేసి, ఆ కాంతితోనే సన్నని గొట్టాలు నిర్మించి, మిక్కిలి చల్లని పొటాషియం-40 పరమాణువులను వానిలో ఉంచినారు. అయస్కాంత క్షేత్రంతో వాటి పరస్పర ఆకర్షణను తమకు కావలసినంత మేరకు సవరించుకొనుటకు వీలుండెను. విశాలమైన చోట జంట ఏర్పడుటకు చాలని ఆకర్షణ వద్ద కూడా కాంతి గొట్టాలలో జంటలు ఏర్పడినవి. వాటి బంధ శక్తిని రేడియో తరంగాలతో కొలిచినారు. ఆకర్షణ అదే, పరమాణువులు అవే. కాంతి గొట్టం తీసివేస్తే మాత్రం ఆ జంటకు ఉనికి లేదు.